28 ఫిరంగులకు ఒకే వాలు: ఓడ నమూనాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి. ఒకవైపు మందంగా, రెండోవైపు పలుచగా ఉండే చిన్న చెక్క వెడ్జ్‌లను పదుల సంఖ్యలో ఒకేలా ఎలా చేయాలన్నదే ఆ చిక్కు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: బొంబాయిలో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక నమూనాను 1:48 స్కేల్లో చేస్తున్నాను. ప్రధాన డెక్ మీద 18 పౌండర్ (18 పౌండ్ల గుండు పేల్చే) ఫిరంగులు 28 ఉన్నాయి. ఒక్కో ఫిరంగి వెనక భాగం కింద పెట్టే వాలు చెక్కలను చేత్తోనే అరగదీస్తున్నాను. ఏ రెండూ ఒకేలా రావడం లేదు. కొన్నిటి మొన విరుగుతోంది, కొన్నిటి అంచులు గుండ్రంగా అయిపోతున్నాయి. మిషన్లు లేవు. ఉన్నవి చిన్న రంపం, డ్రిల్, సన్న కొలతలు తీసే వెర్నియర్ మాత్రమే.
– ఒక పాఠకుడు, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: ఒక్కో ముక్కా విడిగా చేసి, తర్వాత దాన్ని పక్కదానితో సరిపోల్చుకోవడంలోనే ఇబ్బంది ఉంది. 8 మి.మీ. ముక్కను వేళ్లతో పట్టుకుని గరుకు కాగితం మీద రుద్దితే ఒత్తిడి ఎప్పుడూ సమంగా పడదు. తోసేటప్పుడు ముందు అంచు, లాగేటప్పుడు వెనక అంచు ఎక్కువ అరుగుతాయి. మీకు వస్తున్న గుండ్రదనం అదే. వరస మార్చండి. ముందు ఒక పట్టీ మొత్తానికి వాలు పెట్టి, ఆ తర్వాతే దాన్ని ముక్కలుగా కోయండి.

అయితే పట్టీ అనగానే చాలామంది నిలువు నార ఉన్న సన్న బద్ద తీసుకుని, ఒక అంచును వాలుగా చిత్రిక పట్టి, అడ్డంగా కోసుకుంటూ పోతారు. కొలతలు చక్కగానే వస్తాయి. కానీ నార వెడ్జ్ వెడల్పు వెంట నడుస్తుంది. 0.8 మి.మీ. మందం ఉండే మొన దగ్గర నార అడ్డంగా ఉంటే గోరు తగిలినా పెళుక్కుమంటుంది. మీ మొనలు విరగడానికి కారణం బహుశా ఇదే. పైగా నార కొసలు పక్క ముఖాల మీద తేలతాయి, వార్నిష్ వేయగానే అవి ఎక్కువ పీల్చుకుని నల్లబడతాయి. నార ఎప్పుడూ మందపు వైపు నుంచి మొన దాకా నడవాలి.

కాబట్టి 60 మి.మీ. వెడల్పున్న పలక తీసుకోండి. మందం 3.2 మి.మీ. ఉండాలి. దాని కొస నుంచి నారకు అడ్డంగా 8 మి.మీ. ముక్క కోయండి. ఇప్పుడు మీ చేతిలో 60 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు ఉన్న పట్టీ ఉంటుంది, నార దాని పొట్టి దిశలో నడుస్తుంది. చేత్తో వంచితే ఇట్టే విరుగుతుంది కనుక వాలు పెట్టేటప్పుడు దీన్ని ఎక్కడో ఒకచోట అంటించి ఉంచాల్సిందే.

ఇక్కడ మేం ఇస్తున్న కొలతలు ఉదాహరణకే: పొడవు 8, వెడల్పు 4, మందపు వైపు 3, మొన 0.8 మి.మీ. మీ నమూనాలో ఫిరంగి బండి మీద వెనక భాగం కింద ఎంత ఖాళీ ఉందో కొలిచి మార్చుకోండి. ఈ కొలతల్లో 8 మి.మీ. పొడవుకు మందం 2.2 మి.మీ. తగ్గుతోంది. కోణం లెక్కేస్తే 15.4 డిగ్రీలు. కానీ ప్రొట్రాక్టర్‌తో అర డిగ్రీ కొలవడం మన వల్ల అయ్యే పని కాదు. దాన్నే పదింతలు చేయండి. 80 మి.మీ. పొడవున్న గట్టి దిమ్మ తీసుకుని, ఒక చివర 22 మి.మీ. ఎత్తు వచ్చేలా కర్ణం గీసి కోసి, చదును చేయండి. గీతలో అర మిల్లీమీటరు తప్పినా మీ వెడ్జ్‌లో అది 0.05 మి.మీ. మాత్రమే.

ఆ దిమ్మ వాలు ముఖం మీద పట్టీని రెండువైపులా అంటుకునే పలుచటి టేపుతో అంటించండి. స్పాంజి టేపు వద్దు, అది నొక్కుకుపోయి కొలత మారుస్తుంది. పట్టీ కింది అంచు ఆనడానికి ఒక సన్న బద్ద అడ్డం పెట్టండి. దిమ్మ వాలుగా ఉంది కాబట్టి పైనుంచి సమతలంగా రుద్దితే పట్టీ పై అంచు ఎక్కువ అరుగుతుంది, కింది అంచు దాదాపు అలాగే ఉంటుంది. అంటే పై అంచు మొన అవుతుంది, కింది అంచు మందపు వైపు అవుతుంది.

ఎక్కడ ఆపాలో చెప్పేది రెండు పక్కలా ఉండే పట్టాలు. వాటి ఎత్తుకు లెక్కలు వేయనక్కర్లేదు. ముందు ఒకే ఒక్క మాదిరి వెడ్జ్‌ను వెర్నియర్‌తో కొలుచుకుంటూ ఓపిగ్గా చేయండి. దాన్ని దిమ్మ వాలు మీద పట్టీ ఉండాల్సిన చోటే టేపు మీద పెట్టండి. దాని పై ముఖం అప్పుడు సమతలంగా ఉంటుంది. ఆ ముఖంతో సరిగ్గా కలిసేలా రెండు పక్కలా పట్టాలు అంటించండి. పట్టాల పైన సన్‌మైకా ముక్కలు అంటించడం మరవకండి. ఉత్త చెక్క పట్టాలైతే మూడో పట్టీ దగ్గరికి వచ్చేసరికి అవి కూడా అరిగిపోయి ముక్కలు పలుచబడతాయి. సన్‌మైకా మందాన్ని ముందే లెక్కలోకి తీసుకోండి.

రుద్దడానికి 150 మి.మీ. పొడవున్న చదునైన బద్దకు గరుకు కాగితం అంటించుకోండి. అది రెండు పట్టాల మీదా ఒకేసారి ఆనాలి. మొదట 150 నంబరుతో మొదలెట్టి పట్టాలకు ఇంకా 0.2 మి.మీ. ఉండగా 240కి, చివర్లో 320కి మారండి. నార దిశలోనే, అంటే మొన నుంచి మందపు వైపుకు రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడే గీతలు వార్నిష్ కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బద్ద సన్‌మైకా మీద జారడం మొదలెట్టి, పొడి రాలడం ఆగిందంటే పని అయిపోయింది. ఇంకా నొక్కి రుద్దకండి.

పట్టీని ఊడదీసేటప్పుడు చాకు దూర్చి పైకి లేపితే మొన పోతుంది. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేయండి, లేదా టేపు అంచున సర్జికల్ స్పిరిట్ చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత మందపు వైపు నుంచి పక్కకు జరపండి.

ఇప్పుడు కోత. 4 మి.మీ. వెడల్పుకు సన్న రంపం 0.3 మి.మీ. తింటుంది, కాబట్టి ఒక్కో ముక్కకు 4.3 మి.మీ. కావాలి. 60 మి.మీ. పట్టీలో 13 ముక్కలు వస్తాయి. 28 కావాలంటే రెండు పట్టీలు చాలవు. మూడు చేసి పెట్టుకుంటే 39 వస్తాయి, వాటిలో మంచివి ఏరుకోవచ్చు. హాక్సా బ్లేడు వాడితే దాదాపు ఒక మిల్లీమీటరు దాకా పొడిగా పోతుంది, పైగా మొన చిట్లుతుంది. మైటర్ పెట్టెలో (రంపాన్ని తిన్నగా నడిపే గాడి ఉన్న పెట్టె) రంపం గాడికి అవతల 4 మి.మీ. దూరంలో ఒక అడ్డు ముక్క అంటించి, ప్రతిసారీ పట్టీని దానికి ఆనించి కోయండి. గీతలు గీసుకుని కోయకండి. గీతకు ఇటు కోశామా అటు కోశామా అన్న తేడా ప్రతి ముక్కలోనూ చేరుతుంది. ఎలాగూ నార వెంటే కోస్తున్నాం కదా అని బ్లేడుతో చీల్చకండి. చీలిక నార ఎటు తిరిగితే అటే పోతుంది, మన గీతను పట్టించుకోదు.

కోసిన ముక్కల పక్క ముఖాల మీద రంపం గుర్తులుంటాయి. అద్దం ముక్క మీద పరిచిన 320 కాగితం పైన ఒక్కో పక్కకు రెండేసి సార్లు లాగితే చాలు.

వెడ్జ్ మందపు వైపు పట్టుకోవడానికి పిడి ఉంటుంది కదా, దాని రంధ్రం కోతకు ముందే పట్టీ మీద వేసేయాలని అనిపిస్తుంది. వద్దు. కోతలో 0.1 తేడా వచ్చినా రంధ్రం నడిమధ్య నుంచి పక్కకు జరుగుతుంది. 4 మి.మీ. గాడి తీసిన చిన్న దిమ్మలో వెడ్జ్‌ను మందపు వైపు పైకి వచ్చేలా నిలబెట్టండి. సూదితో నడిమధ్య గుచ్చి, ఆ తర్వాత 0.7 మి.మీ. డ్రిల్ పెట్టండి. నార కొసల మీద సూది గుర్తు లేకుండా డ్రిల్ పెడితే అది మెత్తటి నారలోకి జారిపోతుంది. పిడికి వెదురు పుల్లను పలుచగా చెక్కి వాడండి, అంత సన్నదనంలో వెదురంత గట్టిగా నిలిచేది మరొకటి లేదు.

ఒక్క మాట. ట్రింకోమలీ పై డెక్‌లో పొట్టి కారొనేడ్ ఫిరంగులు కూడా ఉంటాయి. వాటికి ఎత్తు సర్దడానికి వెనక స్క్రూ ఉంటుంది, వాలు చెక్క ఉండదు. వాటికి కూడా లెక్కేసి చేశారంటే వృథా.

ప్రశ్న: అసలు ఓడ టేకుతో కట్టారు కాబట్టి నమూనాకూ టేకు వాడుతున్నాను. మా పక్కనే టింబర్ డిపో ఉంది, ముక్కలు ఊరికే దొరుకుతాయి. వెడ్జ్‌లు గరుకుగా, గుంతలు పడ్డట్టు కనిపిస్తున్నాయి. ఏ కర్ర మంచిది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ట్రింకోమలీ టేకు ఓడ అన్నది నిజమే. ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్లు బొంబాయి డాక్‌లో కట్టి 1817లో నీటిలోకి దించారు, ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో తేలుతూ ఉంది. అంతకాలం నిలవడంలో టేకుది పెద్ద పాత్ర. కానీ నమూనాకు టేకు పనికిరాదు. టేకులో ఏటా పెరుగుదల మొదట్లో ఏర్పడే వలయంలోని రంధ్రాలు కంటికి కనిపించేంత పెద్దవి. 0.25 మి.మీ. రంధ్రాన్ని 48తో హెచ్చిస్తే 12 మి.మీ. అవుతుంది. అసలు ఓడలో ఫిరంగి కింది చెక్కకు వేలు దూరేంత రంధ్రాలుంటే ఎలా ఉంటుందో, మీ నమూనాలో ఇప్పుడు అలాగే ఉంది. దానికి తోడు టేకులో నూనె ఎక్కువ, జిగురు సరిగా పట్టదు. ఇప్పటికే చేసిన టేకు ముక్కలు అంటించాల్సి వస్తే, అంటించే ముందు అసిటోన్‌తో తుడవండి.

మన దగ్గర దొరికేవాటిలో ఈ పనికి అంకుడు కర్ర బాగుంటుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది దానితోనే. తెల్లగా, సన్నటి నారతో, రంధ్రాలు కనిపించకుండా ఉంటుంది. ఉలి ఎటు నడిపినా పెద్దగా ఎదురు తిరగదు. రంగు మరీ తెల్లన అనిపిస్తే పలుచటి టీ డికాక్షన్ ఒక పూత వేసి ఆరనివ్వండి, నార లేస్తుంది, 400 కాగితంతో ఒకసారి తేలిగ్గా తుడిచేయండి. కర్ర ఆరిందే తీసుకోవాలి. పచ్చి కర్రతో చేస్తే 4 మి.మీ. వెడల్పు ఆరిన తర్వాత తగ్గుతుంది, ఒక్కో ముక్కా ఒక్కోలా తగ్గుతుంది. కొండపల్లి బొమ్మల పొనికి కర్ర మాత్రం వద్దు. బొమ్మలకు అది అద్భుతం, కానీ బాగా తేలిక, మెత్తన. 0.8 మి.మీ. మొన వేలు తగిలితే నలిగిపోతుంది. బల్సా సంగతీ అంతే.

ఎంచుకున్నది ఏదైనా మొత్తం ముక్కలు ఒకే పలక నుంచి తీయండి. రెండు పలకల అంకుడు పక్కపక్కన పెడితే వార్నిష్ వేయకముందు తేడా తెలియదు, వేశాక తెలుస్తుంది.

ప్రశ్న: వాలు చెక్కలన్నీ 0.05 తేడాలోపే ఒకేలా చేశాను. అయినా బండ్ల మీద పెట్టాక ఫిరంగుల మూతులు ఒక వరసలో రావడం లేదు. కొన్ని పైకి, కొన్ని కిందికి చూస్తున్నాయి. వెడ్జ్‌లను మళ్లీ అరగదీయాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అరగదీయకండి. తప్పు వెడ్జ్‌లలో లేదు. ఇరుసు రంధ్రాలు, బండి పక్క పలకలు, వెడ్జ్ కింద ఉండే పలక, వీటన్నిటిలో ఉన్న చిన్న చిన్న తేడాలు కలిసి మూతి దగ్గర కనిపిస్తున్నాయి. ఫిరంగి ట్రనియన్ల (బండి మీద ఆనే రెండు పక్క ఇరుసులు) మీద ఊగే త్రాసులాంటిది, వెనక ఎంత తేడా ఉంటే ముందు అంతకంటే ఎక్కువ కనిపిస్తుంది.

అసలు ఓడలో గన్నర్లు ఏం చేసేవారో మీరూ అదే చేయండి. వెడ్జ్‌ను లోపలికి తోస్తే ఫిరంగి వెనక భాగం లేచి మూతి దిగుతుంది. బయటికి లాగితే వెనక భాగం దిగి మూతి లేస్తుంది. మందపు వైపు ఎప్పుడూ బయటికి, పిడి చేతికి అందేలా ఉంటుంది. తిరగేసి పెట్టిన నమూనాలు చాలా చూస్తుంటాం. మొదటి ప్రశ్నకు ఇచ్చిన కొలతల్లో వెడ్జ్‌ను 1 మి.మీ. జరిపితే వెనక 0.275 మి.మీ. మారుతుంది. 51 మి.మీ. ఫిరంగిలో ట్రనియన్ల నుంచి వెడ్జ్ ఆనే చోటు 20 మి.మీ., మూతి 29 మి.మీ. దూరంలో ఉంటే మూతి దాదాపు 0.4 మి.మీ. కదులుతుంది. మీ తేడాలన్నీ ఈ పరిధిలోనే సర్దుకుంటాయి.

డెక్ మీద ఒక దారం కట్టడం కంటే మేలైన పద్ధతి ఉంది. మూతి నడిమధ్య ఎత్తుకు మందపాటి అట్ట ముక్క కోసి, అడుగు డెక్ మీద ఆనేలా ఫిరంగి ముందు నిలబెట్టండి. మూతి ఆ గుర్తుకు వచ్చేదాకా వెడ్జ్ జరపండి, ఆ తర్వాతే ఒక చుక్క ఫెవికాల్ వేయండి. డెక్‌కు ముందూ వెనకా వంపు ఉంటుంది కనుక తిన్నటి దారంతో చూస్తే మధ్యలోని ఫిరంగులు తప్పుగా కనిపిస్తాయి. డెక్ నుంచి కొలిస్తే ఆ ఇబ్బంది ఉండదు. వెడ్జ్ మొత్తం లోపలికి పోయినా మూతి ఇంకా పైకే ఉంటే అప్పుడు ఆ బండిలోనే లోపం ఉన్నట్టు. వెడ్జ్ కింద 0.2 మి.మీ. కాగితం ముక్క వేసి ఎత్తండి. వెడ్జ్ ఎప్పుడు మార్చాలంటే, దాని మందపు వైపు బండి వెనక నుంచి బాగా బయటికి పొడుచుకొచ్చినప్పుడు మాత్రమే.

ప్రశ్న: మాస్టు (తెరచాపలు కట్టే స్తంభం) డెక్ రంధ్రంలోంచి దిగే చోట చుట్టూ వెడ్జ్‌లు కొట్టి ఉంటాయి. మాస్టు మందం 12 మి.మీ., రంధ్రం 16 మి.మీ. ఈ వంపు తిరిగిన వెడ్జ్‌లు ఒకే తీరుగా ఎలా చేయాలి? 12 కావాలి.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఒకటి తేల్చుకోండి. ఓడ మీద ఈ వెడ్జ్‌ల పైన నీళ్లు దిగకుండా రంగో తారో పూసిన కాన్వాసు గుడ్డను మాస్టుకు చుట్టి కడతారు. మీ నమూనాలో ఆ గుడ్డ వేస్తున్నట్టయితే కింద వెడ్జ్‌లున్నాయో ఉత్త వలయం ఉందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఈ శ్రమ దేనికి?

గుడ్డ వేయడం లేదంటే, విడివిడిగా 12 చెక్కడం కన్నా ఒక వలయం చేసి దాన్ని కోయడం తేలిక. చెక్క దిమ్మను నార నిలువుగా ఉండేలా పెట్టి 12 మి.మీ. రంధ్రం వేయండి. మొదట 6, తర్వాత 10, చివర్లో 12 డ్రిల్. ఒకేసారి 12 వేస్తే నార చిట్లి లోపలి గోడ గరుకవుతుంది. దాన్ని 12 మి.మీ. పుల్లకు తొడిగి, డ్రిల్‌కు బిగించి తిప్పుతూ బయటి వైపు అరగదీయండి. పైన 16.4, కింద 15.6 మి.మీ. వచ్చేలా. ఆ 0.8 వాలే రంధ్రంలో బిగుసుకోవడానికి ఆధారం.

ఇప్పుడు లెక్క చూడండి. వలయం మధ్య గీత వ్యాసం 14 మి.మీ., చుట్టుకొలత 44. దాన్ని 12 భాగాలు చేస్తే ఒక్కోటి 3.66 మి.మీ. ప్రతి కోతకు 0.3 చొప్పున 12 కోతలకు 3.6 పోతుంది. అంటే దాదాపు ఒక వెడ్జ్ మొత్తం పొడైపోతుంది. తిరిగి పేర్చితే ఆ మేరకు సందు కనిపిస్తుంది. రెండు దారులున్నాయి. ఒకటి, రెండు వలయాలు చేసి రెండోదాని నుంచి పదమూడో ముక్క తెచ్చి వేయడం. ఇది నిజంగా విడి ముక్కలు కావాలనుకునేవారికి. రెండోది, వలయాన్ని కోయకుండా 30 డిగ్రీలకొక నిలువు గాడి తీసి అలాగే దించేయడం. గాడి లోతు 0.5 మి.మీ. చాలు. మూడడుగుల దూరం నుంచి చూసేవారికి రెంటికీ తేడా తెలియదు. మా ఓటు రెండోదానికే.

ఒక జాగ్రత్త. మాస్టులు డెక్‌కు నిటారుగా ఉండవు, చాలా ఓడల్లో కొద్దిగా వెనక్కి వాలి ఉంటాయి. వలయం మాస్టుకు నిటారుగా ఉంటుంది కనుక డెక్ మీద ముందు వైపు, వెనక వైపు దాని ఎత్తు తేడాగా కనిపిస్తుంది. వలయాన్ని 1 మి.మీ. పొడవు ఎక్కువ ఉంచి, మాస్టు వాలు ఖాయం చేశాక డెక్‌కు సమాంతరంగా పైభాగం కోయండి. తాళ్లు కట్టడం పూర్తయ్యేదాకా జిగురు వేయకండి. తాళ్లు బిగించేటప్పుడు మాస్టు ఒక వెంట్రుకవాసి కదులుతుంది, జిగురు వేసి ఉంటే డెక్ పలక చీలుతుంది.

ప్రశ్న: 1948 మార్చి 14న విశాఖలో సింధియా షిప్‌యార్డ్ నుంచి నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగిన 'జల ఉష' దృశ్యాన్ని 1:100 స్కేల్లో తయారు చేద్దామనుకుంటున్నాం. ఓడ కింద ఊయల (ఓడను మోస్తూ నీటిలోకి జారే చట్రం) దగ్గర పెట్టడానికి 12 మి.మీ. పొడవు వెడ్జ్‌లు 120 కావాలి. అన్ని ముక్కలకు గరుకు కాగితం పద్ధతి అంటే నెలలు పడుతుంది. వేరే దారి ఉందా?
– కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు, గాజువాక

జవాబు: ఉంది. ఈ వెడ్జ్‌లకు పిడి, రంధ్రం లాంటివి ఉండవు కనుక అరగదీయకుండా కోతతోనే పని అయిపోతుంది. ఓడ కట్టేటప్పుడు దాని బరువు కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే దూలం) కింది దిమ్మల మీద ఉంటుంది. జలప్రవేశానికి ముందు వరుసగా వెడ్జ్‌లు కొట్టి ఓడను ఒక వెంట్రుకవాసి ఎత్తి, బరువును ఊయల మీదికి మార్చి, ఆ దిమ్మలు తీసేస్తారు. నిలబడాల్సింది బరువు కింద కాబట్టి వాలు బాగా తక్కువగా ఉంటుంది. వాలు ఎక్కువైతే బరువు పడగానే వెనక్కి జారిపోతుంది. మీరు 10కి 1 చొప్పున పెట్టుకోండి. 12 మి.మీ. పొడవులో మందపు వైపు 1.7, మొన 0.5 మి.మీ.

మొదటి జవాబులోలాగే నారకు అడ్డంగా 12 మి.మీ. వెడల్పు పట్టీలు తీయండి. పట్టీ మందం 3 మి.మీ., అదే మీ వెడ్జ్ వెడల్పు అవుతుంది. మైటర్ పెట్టెలో రంపం గాడిని పట్టీకి సరిగ్గా అడ్డంగా కాకుండా, పైనుంచి చూస్తే కొంచెం ఏటవాలుగా ఉండేలా కోయండి. ఎంత వాలు? ఇక్కడే చాలామంది తప్పుతారు. వెడ్జ్ వాలు 10కి 1 అయితే గాడి వాలు 20కి 1 ఉండాలి, సగమే. 12 మి.మీ.కు 0.6 మి.మీ. అన్నమాట. మొదటి కోత కోయండి, ఆ చిన్న తునక పారేయండి. పట్టీని వెల్లకిలా తిప్పండి, అంటే పై ముఖం కిందికి పోవాలి, పొడవు దిశ మారకూడదు. ఇప్పుడు కోసిన కొస గాడి వాలుకు ఎదురు దిక్కులో వంగి ఉంటుంది. అడ్డు ముక్కకు ఆనించి మళ్లీ కోస్తే రెండు వాలులూ కలిసి పూర్తి వాలున్న వెడ్జ్ వస్తుంది. మళ్లీ తిప్పండి, మళ్లీ కోయండి. గాడిలో నేరుగా 10కి 1 పెడితే వెడ్జ్ 5కి 1 అయి కూర్చుంటుంది.

అడ్డు ముక్క రంపం అవతలి ముఖం నుంచి 1.7 మి.మీ. దూరంలో ఉండాలి. తిప్పాక దానికి తగిలేది పట్టీలో బాగా పొడుచుకొచ్చిన మూల, అక్కడే మందపు వైపు వస్తుంది. ఒక్కో ముక్కకు సగటున 1.1 మి.మీ. చెక్క, 0.3 రంపానికి, మొత్తం 1.4. మొదటి తునక, పట్టుకోవడానికి వీలుపడని చివరి 15 మి.మీ. పోను 60 మి.మీ. పట్టీలో 31 వస్తాయి, నాలుగు పట్టీలకు 124. నాలుగు అదనం, అంతకంటే పెంచుకోవాలనుకుంటే ఐదో పట్టీ సిద్ధంగా ఉంచుకోండి.

ముక్కలు అడ్డు ముక్కకూ రంపానికీ మధ్య ఇరుక్కుని చితికిపోతుంటే, అడ్డు ముక్కను కోత పూర్తయ్యే ముందు కాస్త వెనక్కి లాగగలిగేలా గోరు మందం జారుడు పెట్టుకోండి. పొడి అడ్డు ముక్క దగ్గర పేరుకుంటే వెడ్జ్‌లు క్రమంగా పలుచబడతాయి. ప్రతి నాలుగైదు కోతలకొకసారి బ్రష్‌తో ఊడ్చండి.

పెట్టేటప్పుడు రెండేసి వెడ్జ్‌లను ఎదురెదురుగా, ఒకదాని వాలు మీద మరొకటి వచ్చేలా పేర్చండి. పై ముఖం, కింది ముఖం సమాంతరంగా ఉంటాయి. లోపలికి తోస్తే జత ఎత్తు పెరుగుతుంది, 1 మి.మీ. తోస్తే 0.1 మి.మీ. ఓడ నమూనా నిజంగానే ఊయల మీద సమంగా కూర్చోవడానికి కూడా ఇదే పనికొస్తుంది. 

ప్రశ్న: లేజర్ కటింగ్ షాపులో ఇస్తే వెడ్జ్‌లు ఒక్క గంటలో వస్తాయి కదా, ఇదంతా ఎందుకు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఇవ్వొచ్చు, తప్పేం లేదు. వెడ్జ్‌ను పక్క నుంచి చూసిన ఆకారాన్ని గీసి, వెడల్పుకు సరిపోయే మందమున్న పలకలో కోయించాలి. 4 మి.మీ. వెడల్పు కావాలంటే 4 మి.మీ. పలక. ఫైల్లో అన్ని ఆకారాలనూ నార దిశలోనే పెట్టండి. షాపులో స్థలం కలిసొస్తుందని వాటిని ఎటంటే అటు తిప్పి సర్దేస్తారు, అది ముందే చెప్పాలి. వాళ్ల దగ్గరుండే ప్లైవుడ్‌లో కోయిస్తే వాలు మీద పొరలు గీతల్లా కనిపిస్తాయి, ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) అయితే మొన మెత్తగా ఊడిపోతుంది. అంకుడు పలకను మీరే తీసుకెళ్లండి.

రెండు లోపాలుంటాయి. కోసిన అంచు నల్లగా మాడుతుంది, దాన్ని తీసేయడానికి రుద్దితే కొలత 0.1 దాకా తగ్గుతుంది. అందుకే గీసేటప్పుడే అంత కలుపుకోవాలి. 4 మి.మీ. మందంలో లేజర్ కోత కూడా పూర్తిగా నిటారుగా ఉండదు, పైన కాస్త వెడల్పుగా, కింద సన్నగా పోతుంది. దానివల్ల వాలు ముఖం ఒక పక్కకు ఒరుగుతుంది. పిడి పెట్టే ఫిరంగి వెడ్జ్‌లకు ఆ ఒరుగు తెలుస్తుంది, ఊయల కింద పెట్టేవాటికి తెలియదు. షాపులో ముందు ఆ పలకలోంచే రెండు ముక్కలు కోయించి వెర్నియర్‌తో రెండు పక్కలా కొలిచి చూసుకుని, ఆ తర్వాతే మొత్తం ఆర్డరు ఇవ్వండి.